తాళం వేసిన ఇంటి ముందు ముగ్గు

మొన్న పెళ్ళికని నల్లగొండ పోయినప్పుడు గుట్ట కింద మా పాత గల్లీ చూసొచ్చాను. ఎటు చూసినా మేడలు, కిరాయి బోర్డులు. నా చిన్నప్పుడూ ఆ గల్లీ ఇంతే ఇరుకు. బండల మధ్య దొరికిన జాగాలోనే ఇళ్ళు కట్టుకుంటూ గుట్టమీదికి ఎగబాకారు. కింది ఇంటి కప్పు మీద పై ఇంటివాళ్ళు మిరపకాయలు ఎండబోసేవారు, దానికో రోజువారీ తగవు. అంత సందడి గల్లీ నలభై ఎనిమిదిలో, నిజాం మీదికి సైన్యం వచ్చిన పోలీస్ యాక్షన్ రోజుల్లో సగం ఖాళీ అయింది.

ముస్లిం కుటుంబాలు తాళాలేసి వెళ్ళిపోయాయి. దోపిడీగాళ్ళు పట్టపగలే ఆ తాళాలు పగలగొట్టేవారు. విరిగిన తలుపులు గాలికి కొట్టుకుంటుంటే ఎర్రటి ఎండలో కూడా నేను ఆ గుమ్మాలు పరుగున దాటేదాన్ని. మా పక్కింట్లో అందరూ పోయినా ముసలమ్మ మాత్రం కదలలేదు. ఆమెను మేం నానీ అనేవాళ్ళం. "నా ఇల్లు ఇడిసి యాడికి రాను" అని కొడుకును తిట్టి పంపించి, ఎవరూ లేరనిపించేలా బయట తాళం వేయించుకుని లోపలే ఉండిపోయింది. మా ఇంటికి రమ్మన్నా రాలేదు, మొండిఘటం!

అప్పటినుంచి మా అవ్వ, అంటే మా అమ్మ, తెల్లారగానే మా వాకిలితోపాటు నానీ వాకిలీ ఊడ్చి ముగ్గు పెట్టేది. ముగ్గు చూసి హిందువుల ఇల్లనుకుని దోపిడీగాళ్ళు దాటిపోయేవారు. అవ్వ ముగ్గు ఎన్నడూ తిన్నగా వచ్చింది కాదు. ఆమె వంగి గీస్తుంటే తాళం వేసిన తలుపు సందులోంచి గొంతొక్కటే వచ్చేది. "ఏమే, గా మూలకు వంకర వోయింది, జర సక్కగ గియ్యి." రోజూ వినేదే అయినా నేను ఉలిక్కిపడి అవ్వ కొంగు పట్టుకునేదాన్ని. "నోర్మూసుకో అక్కా, ఎవడన్న ఇంటడు" అని అవ్వ కసిరి, తర్వాత పెరటి గోడ మీంచి జొన్నరొట్టె అందించేది.

ఒక పొద్దున గొంతు రాలేదు. అవ్వ కావాలనే ముగ్గు అడ్డదిడ్డంగా గీసింది. "అక్కా, సూడు ఎట్లున్నదో" అంది. లోపల చడీచప్పుడు లేదు. అవ్వ పిడికిట్లోని ముగ్గుపిండి మొత్తం నేలపాలైంది.

మా బాపు నానీవాళ్ళను ఇద్దరిని వెతికి తెచ్చి, ఆమెను పెరటిదారినే కడసారి సాగనంపాడు. చావు జరిగిన ఇంటి ముందు మైల తీరేదాకా ముగ్గు పెట్టకూడదు. కానీ నానీ వాకిట్లో పెట్టకపోతే రేపు ఆమె కొడుకు పిల్లలతో వచ్చేసరికి మొండిగోడలే మిగులుతాయి. మర్నాడు అవ్వ నానీ వాకిట్లో ఎప్పటిలాగే ముగ్గేసింది. మా వాకిలి మాత్రం బోసిగా వదిలేసింది.

పాలావిడ ఆగి, "మీ ఇంట్ల ఎవలు పోయిండ్రవ్వా?" అని అడిగింది.

"మా అక్క" అని అవ్వ మా గడప మీద కూలబడి, గల్లీ అంతా వినేట్టు ఏడ్చింది.

లోకం లెక్కన ఆ మైల ఎప్పుడో తీరిపోయింది; ఇన్నేళ్ళయినా నాకు మాత్రం తీరలేదు.