పుట్టి చుట్టూ కట్టిన తాడు

వనపర్తిలో పడవల మ్యూజియం ఉండేదంటే ఇప్పుడు ఎవరూ నమ్మరు. అప్పుడూ నమ్మేవాళ్లు కాదు. పాత రాతి గోదాములో రెండు గదులు, వెనక ఒక స్టోరు, ముందు వేపచెట్టు కింద సైకిళ్లు పెట్టుకునే రేకుల షెడ్డు, అంతే. చుట్టుపక్కల ఉన్నవి కంది చేలు, గుండ్ల గుట్టలు. అయితే బస్సెక్కితే గంటలో కృష్ణ వస్తుంది. డ్యాం నీళ్లలో ఊళ్లు మునిగినప్పుడు రేవుల్లో మిగిలిన తెడ్లు, వలలు, లంగరు కొక్కేలు, పడవ చెక్కలు ఎవరో మంచి అధికారి పోగుచేయించాడట. ఆయన బదిలీ అయ్యాక వాటిని ఈ గోదాములో పెట్టి మ్యూజియం అని బోర్డు రాయించారు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేనక్కడ వాలంటీరుగా చేరాను. చరిత్రలో ఎం.ఏ. అయిపోయింది, ఉద్యోగం లేదు. ఇంట్లో రోజూ పెండ్లి మాటలు. వాటినుంచి తప్పించుకోవడానికి పొద్దున పదింటికి వెళ్లి సాయంత్రం ఐదింటికి వచ్చేదాన్ని. మొదట ఐదుగురం వాలంటీర్లం. ఆరు నెలలు తిరిగేసరికి నేనొక్కదాన్నే మిగిలాను.

మిగిలినవాళ్లు ఎందుకు పోయారో చెప్పాలంటే ఇన్‌చార్జి సారు గురించి చెప్పాలి. ఆయనది సముద్రం ఒడ్డు ఊరు. శిక్షగా ఇక్కడికి వేశారని ఆయన నమ్మకం. ఆ కోపం మా మీద తీర్చుకునేవాడు. వాలంటీర్లకు కుర్చీలు లేవు. మా సంతకాలకు వేరే రిజిస్టరు, దాన్ని రోజూ తనే తీసి ఇచ్చి తనే లోపల పెట్టేవాడు. కుండలో నీళ్లు స్టాఫుకే. మేం సీసాలు తెచ్చుకోవాలి. స్టాఫంటే ఆయనా, ఒక అటెండరమ్మ. మాలో ఒకాయన రిటైరైన ఉర్దూ పంతులు. పాత రేవు కాగితాలు చదివి, నెల రోజులు కూర్చుని తెలుగులో రాసి ఇస్తే సారు వాటిని చూడకుండానే సొరుగులో పడేశాడు. ఆ సాయంత్రం పంతులు సంచీ వెతకమని అటెండరమ్మకు చెప్పాడు, కాగితాలేమైనా పట్టుకుపోతున్నాడేమోనని. పంతులు సంచీ తనే బోర్లించి చూపించాడు. రొట్టెల డబ్బా, కళ్లజోడు పెట్టె పడ్డాయి.

"ముప్పై ఏండ్లు పిల్లలకు సదువు చెప్పిన బిడ్డా. గీడ నన్ను దొంగలెక్క చూస్తున్నరు. నేనింక రాను" అని నాతో చెప్పి వెళ్లిపోయాడు.

నేనెందుకు మిగిలానంటే మొండితనం. సారు నన్ను పంపేయాలని చూస్తున్నాడు కాబట్టే నేను పోకూడదనుకున్నాను. అంతకంటే గొప్ప కారణం లేదు.

మ్యూజియం మొత్తంలో సారు ప్రేమించిన వస్తువు ఒక్కటే. మొదటి గదిలో అద్దాల పెట్టెలో తెరచాపల ఓడ బొమ్మ ఉండేది. పెద్దాఫీసు నుంచి పంపినది. ఆయన రోజూ పెట్టె తెరిచి, గడ్డం గీసుకునే బ్రష్షుతో ఆ తెరచాపల దుమ్ము తనే దులిపేవాడు. ఆ పది నిమిషాలు ఆయన ముఖంలో కోపం ఉండేది కాదు. మా ప్రాంతపు సామాన్లను మాత్రం "కట్టెలు" అనేవాడు. "ఆ కట్టెలు లోపల పడేయించండి" అనేవాడు.

ఆ కట్టెల మధ్యకే ఒకరోజు తోలు పుట్టి వచ్చింది. గద్వాల అవతల కృష్ణ ఒడ్డు ఊరినుంచి ఒక ముసలాయన దాన్ని ట్రాక్టరులో వేసుకుని తెచ్చాడు. వెదురు బద్దలు అల్లి పైన తోలు తొడిగిన పెద్ద గుండ్రటి బుట్ట. ఇప్పుడందరూ తారు పూసిన పట్టా కడుతున్నారు. తోలుది ఆ ఒడ్డున అదొక్కటే మిగిలిందని చెప్పాడు. దాన్ని అల్లిందీ ఆయనే, ఏండ్ల తరబడి జనాన్ని ఏరు దాటించిందీ ఆయనే. కొడుకులు చేపలకు పట్టా పుట్లు వాడుతున్నారు, ఇది ఇంట్లో అడ్డమైంది. నలుగురు చూసే చోట ఉంటే చాలని తెచ్చి ఇచ్చాడు. ఇచ్చినట్టు కాగితం మీద వేలిముద్ర వేశాడు.

సారు దాన్ని మొదటి గదిలోనే గోడకు బోర్లా ఆనించి "ధాన్యపు గుమ్మి" అని చీటీ రాయించాడు. మర్నాడు కాలేజీ వాళ్లు చూడడానికి వస్తే నేను వాళ్ల ముందే ఆ చీటీ పీకేసి, ఇది పుట్టి, దీంట్లో ఏరు దాటుతారు అని చెప్పాను. వచ్చిన లెక్చరర్లలో ఒకామె పక్కున నవ్వింది. సారు కూడా నవ్వినట్టే ముఖం పెట్టాడు. వాళ్లు వెళ్లాక నా దగ్గరికి వచ్చాడు.

"మీ జిల్లా సంగతులు మీకే తెలుసు లెండి. రేపట్నుంచి స్టోరు తాళం మీరు ముట్టుకోవద్దు."

ముసలాయన ఆ తర్వాత ప్రతి గురువారం వచ్చేవాడు. గద్వాల బస్సులో పెబ్బేరు మీదుగా వచ్చి పుట్టి పక్కన గొంతుకూర్చుని, బడిపిల్లలు వస్తే చెప్పేవాడు. "ఏటి నడుమ పుట్టి గిర్రున తిరుగుతది. భయపడి లేస్తివా, అందరు మునుగుతరు. కదలకుంట కూసోవాలె." పిల్లలు నోళ్లు తెరుచుకుని వినేవాళ్లు. తెడ్డుతో నీళ్లను ముందునుంచి తన వైపు ఎట్లా లాక్కోవాలో గాలిలో చేసి చూపించేవాడు. ఓడ బొమ్మ దగ్గర ఎవరూ నిలబడడం లేదని సారు గమనించాడు.

తర్వాతి గురువారానికి పుట్టి చుట్టూ నైలాన్ తాడు కట్టించాడు. ముసలాయన అలవాటుగా చేయి పెట్టబోతే సారు పక్క గదిలోని తన బల్ల దగ్గరనుంచి అరిచాడు.

"ఏయ్ పెద్దాయనా, ముట్టుకోకు! తాడు కనబడట్లేదా?"

"నేను అల్లిన పుట్టి సారూ."

"అల్లితే? ఇప్పుడది గవర్నమెంటుది. అందరితో పాటే నువ్వూ బయట నిలబడు."

ముసలాయన తాడు బయట నిలబడ్డాడు. ఆరోజు పిల్లలకు ఏమీ చెప్పలేదు.

ఎండాకాలం మొదలైంది. గోదాము పైకప్పు రేకుల వేడికి తోలు బిగుసుకుని అంచుల దగ్గర పర్రెలు వస్తున్నాయని, ఆముదం పట్టించకపోతే పలిగిపోతుందని ముసలాయన నాకు చెప్పాడు. నేను వెళ్లి సారుకు చెప్పాను. పై ఆఫీసుకు రాయాలన్నాడు. రాయమన్నాను. చూద్దామన్నాడు. మూడు వారాలు చూశాడు.

అప్పుడు నేను చేసిన పని గురించి గొప్పగా చెప్పుకునేదేం లేదు. సారు నాలుగు రోజులు సెలవు పెట్టి ఊరికి వెళ్లాడు. తాళాలు అటెండరమ్మ దగ్గర ఉన్నాయి. ఆమెకు వాలంటీర్లంటే మంట. "జీతం లేకుంట చేసెటోళ్లు దొరికితే రేపు నన్నెందుకు ఉంచుకుంటరు?" అని నా ముఖం మీదే అనేది. ఆమెది టెంపరరీ ఉద్యోగం, భర్త లేడు, ఆ భయం నిజమే. నేను మాత్రం ఆమెను బతిమాలలేదు, బెదిరించాను.

"అక్కా, సోమవారం సెలవు రోజు తాళం తియ్యి. తియ్యకుంటే స్టోరు మీది మాళిగ మీద నువ్వు మిరపకాయలు ఎండబెట్టి అమ్ముకుంటున్నవని సారుకు చెప్త."

ఆమె నన్ను కిందికీ మీదికీ చూసింది. "సదువుకున్నోళ్లు గిట్లనే ఉంటరా మేడం?" అంది. సోమవారం తాళం తీసింది.

ముసలాయన ఆముదం డబ్బా, పాత పంచె గుడ్డలు తెచ్చుకున్నాడు. పొద్దంతా తోలుకు నూనె రుద్దాడు. పర్రెల దగ్గర వేళ్లతో మెల్లగా నొక్కుతూ, లోపలి వెదురు బద్దలను ఒక్కొక్కటే తట్టి చూసుకుంటూ. మధ్యాహ్నం దాటాక పుట్టిని రెండో వైపు తిప్పాల్సి వచ్చింది. అది మనిషెత్తు ఉంటుంది. ఆయన ఒకవైపు, నేను ఒకవైపు పట్టుకున్నాం. అటెండరమ్మ తలుపు దగ్గర నిలబడి తొందరపెడుతోంది. నేనూ తొందరపడ్డాను.

"ఆగు బిడ్డా, జర నిలువు, నేను చెయ్యి మార్చుకుంట" అన్నాడు ముసలాయన.

నేను ఆగలేదు, తోసేశాను. పుట్టి దొర్లి అంచు వెళ్లి అద్దాల పెట్టెకు కొట్టుకుంది. ఓడ బొమ్మకు ఏమీ కాలేదు. ముందరి అద్దం మాత్రం మూలనుంచి మూలకు పగిలింది.

తర్వాత ముసలాయన, "ఏం కాదు, అద్దమే గద. సారుకు చెప్దాం" అన్నాడు. చెప్దామన్నాను నేను.

సారు బుధవారం వచ్చాడు. పగిలిన అద్దం చూసి మొదట కుర్చీలో కూర్చుండిపోయాడు. తర్వాత అటెండరమ్మను గదిలోకి పిలిచి తలుపు వేశాడు. పది నిమిషాలకు బయటికి వచ్చి నాతో అన్నాడు.

"ముసలాడు దొంగతనంగా లోపలికొచ్చి నాశనం చేశాడట కదా."

నేను అప్పుడే చెప్పి ఉండాల్సింది. కానీ నాగర్‌కర్నూల్‌లో ఒక ప్రైవేటు కాలేజీ వాళ్లు నన్ను చరిత్ర లెక్చరరుగా తీసుకుంటామన్నారు. ఎక్కడైనా పనిచేసిన అనుభవం ఉన్నట్టు సర్టిఫికెట్ తెమ్మన్నారు. నా దరఖాస్తు అప్పటికి పదిహేను రోజులుగా సారు బల్ల మీద ఉంది. చెప్పకుండా నా సంతకం నేను పెట్టి గడపలో నిలబడ్డాను.

మర్నాడు గురువారం. ముసలాయన వచ్చే వేళకు లోపల ఆరో తరగతి పిల్లలున్నారు. సారు గేటు దగ్గరే ఆయన్ను ఆపాడు.

"ఎవడు రమ్మన్నాడయ్యా నిన్ను? తాళం తీయించి లోపలికొస్తావా? ఆ అద్దం నీ అబ్బ తెచ్చాడా?"

పిల్లలు కిటికీల దగ్గరికి చేరారు. ముసలాయన తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

"అద్దం నేను పలగ్గొట్టిన అని ఎవరన్నరు సారూ?"

ముసలాయన అటెండరమ్మ వైపు చూశాడు. ఆమె చీపురు పట్టుకుని వెనక్కి తిరిగింది. తర్వాత నా వైపు చూశాడు. నేను చూడడానికి వచ్చినవాళ్లు సంతకాలు పెట్టే రిజిస్టరులో ఏదో వెతుకుతున్నట్టు తల వంచుకున్నాను. ఆ పేజీలో ఏముందో ఇప్పటికీ గుర్తుంది. ఏమీ లేదు, గీతలు కొట్టిన ఖాళీ పేజీ.

"సరే. నేనే పలగ్గొట్టిన" అన్నాడు ముసలాయన. "నా పుట్టి నాకియ్యండి, తీస్కపోత."

"అది నీది కాదని ఎన్నిసార్లు చెప్పాలి? పో!"

ఆయన తలపాగా మళ్లీ చుట్టుకుని బస్టాండు వైపు నడిచాడు. సారు నా వైపు తిరిగి పిల్లలకు ఓడ చూపించమన్నాడు. చూపించాను.

ఆ శనివారం నా సర్టిఫికెట్ చేతికిచ్చాడు. చాలా బాగా రాశాడు. "నమ్మకస్తురాలు" అనే మాట కూడా ఉంది.

మూడు వారాల తర్వాత గద్వాల బస్సెక్కి ఆ ఒడ్డు ఊరు వెళ్లాను. అప్పటికి కాలేజీలో చేరిపోయాను. ముసలాయన ఇంటి ముందర వెదురు బద్దలు చీల్చుతున్నాడు. నన్ను చూసి కత్తి ఆపలేదు. నేను నిలబడే అంతా చెప్పాను. తోసింది నేనేనని, భయపడ్డానని, తప్పయిందని.

"అది నాకు తెల్వదా? పుట్టికి ఆ దిక్కున పట్టుకున్నది నేను" అన్నాడు. "ఇప్పుడొచ్చి ఎందుకు చెప్తున్నవ్? కాగితం దొరికిందా?"

నా కాగితం సంగతి ఆయనకు ఎవరు చెప్పారో తెలియదు. బహుశా నేనే ఏదో ఒక గురువారం చెప్పి ఉంటాను.

"దొరికింది తాతా."

కోడలు చెంబుతో నీళ్లు తెచ్చింది. నేను చేయి చాపాను. ముసలాయన కత్తి కింద పెట్టి కోడలితో అన్నాడు.

"ఆమెకు బస్సు టైమయింది. నీళ్లు లోపల పెట్టు."

కోడలు ఏమీ అర్థంకాక మా ఇద్దరినీ చూసి లోపలికి వెళ్లింది. మా వైపు ఇంటికొచ్చిన మనిషికి నీళ్లు ఇవ్వకపోవడం అంటే ఏమిటో నాకు తెలుసు. ఎండలో రోడ్డు దాకా నడిచాను. కోపం కూడా వచ్చింది, అది ఒప్పుకోవాలి. ఇంత దూరం వచ్చి నిజం చెప్తే ఇట్లా చేస్తాడా అనుకున్నాను. బస్సులో కూర్చున్నాక ఆ కోపం నిలవలేదు.

మర్నాడు సెలవు పెట్టి మ్యూజియంకు వెళ్లాను. సారు బ్రష్షుతో ఓడ దులుపుతున్నాడు. పెట్టెకు కొత్త అద్దం వేశారు.

"అద్దం పగలగొట్టింది నేను" అన్నాను.

"తెలుసు" అన్నాడు ఆయన, చేయి ఆపకుండా. "అటెండరు మొదటి రోజే చెప్పింది."

ఆయన ఇంకో తెరచాప దులుపుతూ అన్నాడు.

"మీరెలాగూ వెళ్లిపోతారు. ఆ ముసలాయన మాత్రం చచ్చేదాకా వారం వారం వస్తాడు. ఆయన్ని పంపేయడానికి నాకో కారణం కావాలి. మీరు నోరు మూసుకుని అది ఇచ్చారు."

"పై ఆఫీసుకు రాస్త" అన్నాను.

అప్పుడు మొదటిసారి నా ముఖంలోకి చూశాడు. "రాయండి. ముందు నేనిచ్చిన సర్టిఫికెట్ కాలేజీ నుంచి వెనక్కి తీసుకుని, అప్పుడు రాయండి."

రాశాను. మూడు పేజీలు రాసి రిజిస్టరు పోస్టులో పంపాను. సర్టిఫికెట్ మాత్రం వెనక్కి తీసుకోలేదు. ఆ ఉద్యోగంతోనే ఇంట్లో పెండ్లి మాటలు ఆపగలిగాను, అద్దెకు గది తీసుకోగలిగాను. వదులుకోవడానికి ధైర్యం చాలలేదు.

నాలుగు నెలలకు పై ఆఫీసునుంచి రెండు లైన్ల జవాబు వచ్చింది. మ్యూజియం ఆస్తికి నష్టం చేసినట్టు నేనే ఒప్పుకున్నాను కనుక ఇకముందు నన్ను వాలంటీరుగా అనుమతించరాదని. ముసలాయన గురించి ఒక్క మాట లేదు. ఆ కాగితం జిరాక్సు తీసి, ఆ ఊరి బడిలో పనిచేసే టీచరు చేత ముసలాయనకు పంపాను. చదివి వినిపించమన్నాను. నష్టం చేసింది నేనేనని రాతలో ఉంది కదా, అది చూస్తే కొంచెమైనా మనసు తేలికపడుతుందనుకున్నాను. ఎవరి మనసని అడిగితే నిజానికి నాదే.

టీచరు రెండు వారాలకు నాగర్‌కర్నూల్ బస్టాండులో కలిశాడు.

"మొత్తం ఇన్నడు మేడం. ఇని, కాగితం నాకే వాపస్ ఇచ్చిండు."

"ఏమన్నా అన్నడా?"

"కాగితం నేనేం చేసుకుంట, పుట్టి తెచ్చియ్యమను అన్నడు."

ఇన్‌చార్జి సారు ఏడాదికి కోరుకున్న చోటికి బదిలీ అయ్యాడు. తర్వాత వచ్చినాయనకు పుట్టి గురించి రెండు దరఖాస్తులు పెట్టాను. వేలిముద్ర వేసి ఇచ్చింది తిరిగి ఇవ్వడం కుదరదన్నారు. ఆ తర్వాత మరమ్మతులని గోదాముకు తాళం వేశారు. ఒకసారి వనపర్తి వెళ్లినప్పుడు కిటికీలోంచి చూశాను. తోలు పేలికలుగా ఊడి వేలాడుతోంది, లోపలి వెదురు అల్లిక బయటపడింది. దాని చుట్టూ తాడు అట్లాగే ఉంది. ముసలాయనకు ఈ సంగతి చెప్పాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించాను. ఆ ఊరు మళ్లీ వెళ్లలేదు.