సిమెంటు గిటారు మీద చెంబెడు నీళ్ళు

మా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే ముందు నీళ్ళు తాగేది సిమెంటే... బాపు సుతారి మేస్త్రీ. పెద్దపల్లి స్టేషన్ పక్కన కొత్త ఇళ్ళు లేస్తున్న రోజులు. కట్టిన గోడకు నీళ్ళు కొట్టి వచ్చాకే ఆయన ముఖం కడుక్కునేవాడు. "కొత్త సిమెంటు పసిపోరని లెక్క. గొంతు ఎండనియ్యొద్దు" అనేవాడు. గోలెంలో మాకు నీళ్ళు లేకపోయినా దానికి ఉండాల్సిందే.

నాకప్పుడు పదేళ్ళు. అన్నకు పందొమ్మిది. బాపు దగ్గరే పని నేర్చుకున్నాడు, చెయ్యి మంచిదే గానీ మనసు గోడ మీద నిలిచేది కాదు. కరీంనగర్‌లో ఎవరిదో పెళ్ళికి పోయి, అక్కడి ఆర్కెస్ట్రాలో కరెంటు గిటారు చూసి వచ్చాడు. ఆ రోజు నుంచి తిండి మీద ధ్యాస లేదు, నిద్ర మీద ధ్యాస లేదు. కొనే తాహతు మాకెక్కడిది... అయితే నేనే కడతానన్నాడు. చేస్తానని కాదు, కడతానని! సుతారి కొడుక్కి తెలిసిన విద్య అదొక్కటే కదా.

సెంట్రింగుకు పనికిరాని చెక్క ముక్కలతో చట్రం కొట్టాడు. దాని చుట్టూ కోళ్ళగూటి జాలి బిగించాడు. గూడ్స్ షెడ్డులో చిరిగిన బస్తాల నుంచి రాలిన సిమెంటు ఊడ్చి తెచ్చి, జల్లించి, పలచగా పూశాడు. తీగలకు సైకిలు బ్రేకు వైరు పోగులు. వాటి కింద పాత టెలిఫోన్లోంచి తీసిన అయస్కాంతం. తయారయ్యాక ఎత్తబోతే ఇద్దరు పట్టాల్సి వచ్చింది... అమ్మను మేం అవ్వ అనేవాళ్ళం, ఆమెతో సహా ఇంటిల్లిపాదీ నవ్వాం, బాపు తప్ప.

"తాపీ పట్టిన చెయ్యిరా అది. తంబూర పట్టి అడుక్కతింటవా?" అని ఒక్కసారి అన్నాడు బాపు. అంతే, మళ్ళీ ఆ ఊసెత్తలేదు. నెల రోజులు గిటారు పెట్టిన అర్ర గడప తొక్కలేదు. అన్నకేమో ఒకటే ఆశ... బాగుందని అనకపోయినా సరే, బాపు ఒక్కసారి దాన్ని చూడాలి. "చెల్లె, బాపు చూసిండా?" అని రోజూ అడిగేవాడు. వాడి ముఖం చూడలేక నేను అబద్ధమాడేదాన్ని.

మొదట్లో గిటారుకు నీళ్ళు కొట్టే పని నాదే. తర్వాత ఖాసిం భాయ్ వద్దన్నాడు. ఆయన మా అన్నకు దోస్తు, బజారులో రేడియోలు బాగుచేసేవాడు. "గిటారు తీగలను రేడియోకు కలుపుతం. గీ పాత రేడియోలల్ల కరెంటు ఎటు దిరుగుతదో చెప్పలేం. ఇగ జర గుడ తడి తగలనియ్యకు చెల్లె" అన్నాడు. నీళ్ళు బందు చేశాం. ఎండి ఎండి అంచుల వెంట సన్నగా పగుళ్ళు లేచాయి.

ఒక శుక్రవారం పగటిపూట ఖాసిం భాయ్ రేడియో మోసుకొచ్చాడు. బల్బు దగ్గర నుంచి వైరు లాగి అన్నీ కలిపాడు. "నమాజుకు పోయొస్త. నేనొచ్చిందాంక కరెంటు పెట్టకు" అని ఒకటికి రెండుసార్లు చెప్పి పోయాడు.

మా అన్న ఆగితేనా... పీట మీద గిటారు పెట్టి, రేడియో వేసి, పుల్లతో తీగను మీటాడు. ఆ మోతకు గోడ మీది బల్లి కింద పడింది. నేను చప్పట్లు కొట్టాను. అన్న నవ్వుతూనే ఏడ్చాడు.

ఆ చప్పుడుకే బాపు వచ్చాడు. మధ్యాహ్నం అన్నానికి వచ్చి గోలెం దగ్గర కాళ్ళు కడుక్కుంటున్న మనిషి, చేతిలో చెంబుతో అలాగే గడప దాటాడు. అన్న లేచి నిలబడ్డాడు. బాపు మా వంక చూడలేదు. గిటారు ముందు వంగాడు. చాలాసేపు దాన్నే చూశాడు.

"గిట్ల ఎండబెట్టినవేందిరా... నీళ్ళు కొట్టద్దా?"

అంటూనే చెంబు వంచాడు. ప్రతి కొత్త గోడకూ చేసినట్టే తడి అరచేత్తో ఆ అంచు నిమిరాడు. అన్న "బాపూ!" అని అరిచేలోపే ఆ చెయ్యి తీగల మీద పడింది.

అన్న వైరు గుంజి పారేశాడు. నేను అవ్వను కేకేశాను. ఏం లాభం... అప్పటికే అయిపోయింది. నమాజు నుంచి వచ్చిన ఖాసిం భాయ్ గుమ్మంలోనే కూలబడ్డాడు.

పదకొండో రోజు కర్మ అయింది. మర్నాడు అన్న గడ్డపార తీసుకుని గిటారు మీదికి పోయాడు. అవ్వ అడ్డం నిలబడింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది ఆమెకు.

"ఇరవై ఏండ్లు ఆయనతోని సంసారం జేసిన. పని నచ్చకుంటె కాలుతోని తన్ని పోయేటోడు బిడ్డా, నీళ్ళు పోసేటోడు కాదు. మీ బాపుకు అది నచ్చిందిరా..."

అది ఓదార్పో శిక్షో నాకిప్పటికీ తెలియదు. ఏ చూపు కోసం అన్న నెల రోజులు ఎదురుచూశాడో అది దొరికింది. దొరకకపోయి ఉంటే బాపు బతికేవాడు. ఆ తర్వాత అన్న నలభై ఏళ్ళు సుతారి పనే చేశాడు. గోడలకు మాత్రం కూలివాళ్ళతో నీళ్ళు కొట్టించి, తాను దూరంగా నిలబడేవాడు.

మొన్న నా మనవరాలు గిటారు కొనుక్కొచ్చింది. వచ్చీరాని వాయింపుకే వాళ్ళ నాన్న "అబ్బ, ఎంత బాగుందో!" అని నోరారా మెచ్చుకున్నాడు. నాకు ఉన్నట్టుండి బాపు మీద కోపం వచ్చింది. ఇన్నేళ్ళ తర్వాత, పోయిన మనిషి మీద... గడప అవతలే నిలబడి, నోటితో ఆ ఒక్క మాట అని పోతే ఏమయ్యేది?

మీ ఇళ్ళలోనూ మెచ్చుకోవడం రాని బాపులు ఉండే ఉంటారు... వాళ్ళ గురించి రాయండి. ఇంత ప్రేమ ఉండీ ఇంత కోపం నా ఒక్కదానికేనా?