చూడి బర్రెకు విటమిన్ గోలీలు

నస్పూర్ బొగ్గుగని క్వార్టర్లలో ఉన్నప్పుడు నాకు తొలిచూలు. ఒంట్లో విటమిన్లు తగ్గితే ఉమ్మనీటి సంచి ముందే పగలొచ్చని డాక్టరమ్మ భయపెట్టి మరీ గోలీలిచ్చింది.

ఇంటికి రాగానే మా అత్త లాక్కుంది. "గివి మింగితే పిల్ల లావైతది, కాన్పు కష్టమైతది."

పారేయడానికి మాత్రం ఆమెకు మనసొప్పలేదు. మా చూడి బర్రెకు రోజూ కుడితిలో కలిపి పెట్టింది. దూడ లావైతే లాభమే కదా! ఆ ఇంట్లో బర్రెకున్న పరపతి నాకెక్కడిది?

నాకు నెల ముందే ఉమ్మనీరు పోయింది. బిడ్డ పిడికెడే అయినా వార్డు అదిరేలా ఏడ్చింది. బర్రె మాత్రం నెలలు నిండాక ఏనుగు పిల్లలాంటి దూడను ఈనింది.

నేను రెండోసారి కడుపుతో ఉన్నప్పుడు మా అత్తే గోలీ, నీళ్ల చెంబు పట్టుకుని నా ముందు నిలబడింది.

"మింగు బిడ్డా, మన బర్రెకు మస్తు పనిచేసినయ్!"