సంతకం వేళకు పోయే కళ్ళజోడు

పెద్దాయనకున్న జబ్బు ఒక్కటే. సంతకం పెట్టాల్సిన కాగితం ఎదురుగా వస్తే చాలు, కళ్ళజోడు మాయమైపోతుంది.

నిచ్చెనలు తయారుచేసే ఆ కర్మాగారంలో తనిఖీకి ఆయనే పెద్ద. ఆయన సంతకం లేనిదే ఒక్క నిచ్చెన గేటు దాటదు. కళ్ళజోడు ఒకసారి జిగురు డబ్బా వెనక దొరికింది, మరోసారి మేనేజరు టోపీలోనే దొరికింది. మతిమరుపు కింద పదహారు మెమోలు అందుకున్నాడు. ఒక్కటీ చదవలేదు. కళ్ళజోడు లేదుగా.

“పెళ్ళిరోజున కూడా పోగొట్టుకున్నావా పెద్దాయనా?” అని మేనేజరు దెప్పితే, “పోబట్టే పెళ్ళయిందండీ” అనేవాడు.

అందరూ నవ్వేవారు, ఆయన కింద కొత్తగా చేరిన తనిఖీ అమ్మాయి తప్ప. ఆమె ఉద్యోగం ఖాయం కావడానికి ఇంకా పన్నెండు రోజులుంది. “ఇకమీద లారీ ఆపినవాళ్ళు అదే లారీ ఎక్కి ఇంటికెళ్తారు” అని మేనేజరు అందరిముందూ చెప్పి వారం కాలేదు.

ఆ ఉదయం రెండు వందల నిచ్చెనలు కట్టలు కట్టి లారీ పక్కన పేర్చారు. ఆమె ఒక కట్ట విప్పి, ఒక నిచ్చెన ఎక్కింది. నాలుగో మెట్టు కాలికింద కదిలింది. రెండో నిచ్చెన గట్టిగానే ఉంది. మూడోదాని మెట్టు మళ్ళీ కదిలింది. మెట్లను పట్టి ఉంచే రివెట్లు బిగియలేదు.

చెప్పకపోతే ముక్కూమొహం తెలియని ఎవరో పడతారు. చెబితే తను పడుతుంది. ఆమె వెళ్ళి పెద్దాయన చెవిలో చెప్పింది.

“ఇంకెవరికైనా చెప్పావా?”

“లేదండీ.”

“చెప్పకు.”

ఈయనా ఇంతేనా అనుకుంది.

అంతలో మేనేజరు కాగితం పట్టుకొచ్చాడు. “పడేయ్ సంతకం. లారీవాడు హారన్ కొట్టి చంపుతున్నాడు.”

పెద్దాయన జేబులు తడుముకున్నాడు. “కళ్ళజోడు...”

“మళ్ళీనా!”

“ఇందాక కట్టల మీదికి వంగి చూశానండీ. దేన్లోనో జారిపడుంటుంది. అన్నీ విప్పించాలి.”

“రెండొందల నిచ్చెనలా? కొత్త జోడు కొనిస్తానయ్యా!”

“కొంటారు సరే. ఆ పాతది నిచ్చెనతోపాటు కొన్నవాడింటికి చేరితే కంపెనీ పరువేం కాను?”

పరువు మాట పనిచేసింది. కట్టలు విప్పించాడు.

“కింద కాదు, పై మెట్ల సందుల్లో చూడండి. ఎక్కండి, ఎక్కండి!” అని పెద్దాయన ఫిట్టర్లను తరిమాడు. ఎక్కినవాళ్ళు ఎక్కినట్టే అరిచారు.

“ఇది ఊగుతోందండీ!”

“బాబోయ్, ఇదీ అంతే!”

ముప్పై ఒకటి తేలాయి. పది నోళ్ళు ఒక్కసారే చెప్పాయి గనక ఎవరిని ఇంటికి పంపాలో మేనేజరుకు పాలుపోలేదు. రివెట్లు మళ్ళీ కొట్టించి సాయంత్రానికి లారీ పంపారు. పెద్దాయనకు పదిహేడో మెమో వచ్చింది.

లారీ గేటు దాటాక ఆయన ఖాళీ టిఫిన్ డబ్బా తెరిచి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అమ్మాయి చూస్తూ నిలబడిపోయింది.

“తిన్నగా చెప్పొచ్చు కదండీ?”

“ఒకసారి తిన్నగానే చెప్పానమ్మా, లోపం కనిపెట్టిన ఫిట్టరు పేరుతో సహా. ముందు అతన్ని తీసేశారు, ఆ తర్వాత లోపాన్ని తీశారు.” కాసేపు అద్దాలే తుడిచాడు. “అతనికి ఇద్దరు పిల్లలు.”

“అయినా, అబద్ధమేగా?”

“అబద్ధమే. నిచ్చెన ఎక్కేవాడు పడకూడదు, నువ్వూ పడకూడదు. నాకు తెలిసిన దారి ఇదొక్కటే. ఇంతకంటే మంచిది నీకు దొరికితే నాకూ చెప్పు.”

ఆమె ఉద్యోగం ఖాయమైంది, కొన్ని లారీలకు సంతకం పెట్టే పనీ వచ్చింది. మూడు నెలల తర్వాత ఓ ఉదయం కొత్తగా చేరిన ఫిట్టరు ఒకతను బెదురుతూ వచ్చి ఆమె చెవిలో ఏదో చెప్పాడు. వెనకాలే మేనేజరు కాగితంతో వచ్చాడు. ఆమె జేబులు తడుముకుంది.

“నా కళ్ళజోడు కనిపించట్లేదండీ.”

“నీకు కళ్ళజోడెప్పుడుందమ్మా?”

“అదే వెతకాలండీ. కట్టలు విప్పించండి.”

పక్కబల్ల దగ్గర పెద్దాయన నవ్వు దాచుకోవడానికి గబగబా టిఫిన్ డబ్బాలోకి తల దూర్చాడు.