తీగ ఊడిన మిషన్ ఇచ్చిన జవాబు

ఎవరైనా దయ్యాల కబుర్లు మొదలుపెడితే నేను లేచి వెళ్ళిపోయే రకం. ఇప్పటికీ నమ్మను. అయినా ఇది రాయక తప్పలేదు. ఆ రోజు జరిగినదానికి ఇన్నేళ్ళూ నేను చెప్పుకుంటూ వచ్చిన కారణం అబద్ధం.

తొంభైల మొదట్లో ఖరగ్‌పూర్‌లో, హిజ్లీ వైపు ఒక ల్యాబ్‌లో పనిచేసేవాణ్ణి. నాతోపాటు సింహాచలం. వాళ్ళ నాన్న నిమ్‌పురా యార్డులో రైల్వే ఉద్యోగి. వ్యాగన్ల వివరాలను మూడు కంప్యూటర్లలో పంచి దాచి, చాలా నంబర్లు ఒకేసారి అడిగినా జవాబు త్వరగా రప్పించడం మా పని. నా ప్రోగ్రాం ఒక్కో నంబరు కోసం ఒక్కోసారి వెళ్ళి అడిగి వచ్చేది. సింహాచలం నవ్వేవాడు.

"ఏటి గుంటూరు బాబూ, ఉల్లిపాయలకో రిక్షా, సేపలకో రిక్షా కడతావేటి? గోల్‌బజార్ ఎళ్తే అన్నీ ఒక్కసారే తెచ్చుకోవా?"

వాడి పద్ధతి అదే. ఏ నంబర్లు ఏ మిషన్‌లో ఉన్నాయో ముందే విడదీసి, ఒక్కో మిషన్‌కీ ఒక్కసారే కబురు పంపేవాడు. నాదానికంటే ఎంతో వేగం.

ప్రాజెక్టు అయ్యాక ఇద్దరిలో ఒకరినే ఉంచుకుంటామన్నారు ప్రొఫెసర్. నా ప్రోగ్రాం చూపించడం అయిపోయింది. మర్నాడు వాడి వంతు.

పొద్దున్నే వెళ్ళి మూడో మిషన్ వెనక, దాన్ని మిగతా రెంటితో కలిపే తీగ ఊడదీశాను. అక్కడి నుంచి జవాబు రాక వాడి ప్రోగ్రాం ఆగిపోవాలి. అంతే నాకు కావలసింది.

తర్వాత వాడు సైకిల్ మీద వచ్చాడు. ఒక వ్యాగన్‌ను యార్డు నుంచి మరమ్మతు షెడ్డుకి పంపారని డ్యూటీ దిగి వచ్చిన నాన్న చెప్పాడట. నేరుగా మూడో మిషన్ ముందు కూర్చుని ఆ మార్పు టైపు చేశాడు. తీగ సంగతి గమనించలేదు. నేను పక్క కుర్చీలోనే ఉన్నాను. ఆ మార్పు ఆ పెట్టె దాటి బయటికి వెళ్ళే దారే లేదు.

మధ్యాహ్నం ప్రొఫెసర్ ఎదుట వాడు మొదటి మిషన్ మీద నంబర్లన్నీ కొట్టాడు. జవాబులన్నీ వచ్చాయి. మూడోదానివి కూడా. ఆ వ్యాగన్ పక్కన మరమ్మతు షెడ్డు అనే ఉంది.

ఇంతలో ప్రొఫెసర్ కాలికి తీగ తగిలింది. దాన్ని పైకెత్తి, మరి ఇవెలా వచ్చాయని అడిగారు.

"మూడోదాని కాపీ మిగతా రెంటిలో ఉంది సార్. ఒక మిషన్ ఆగినా పని ఆగకూడదని నేనే పెట్టాను" అనేశాను.

సింహాచలం నా వైపు తిరిగాడు. "ఎప్పుడు పెట్టినావురా? నాకు సెప్పనేదేటి?"

ఆ గొంతులో అనుమానం లేదు. మెచ్చుకోలే ఉంది.

ఉద్యోగం నాకొచ్చింది. వాడు రైల్వే వర్క్‌షాపులో చేరాడు. తర్వాత మొదటి రెండు మిషన్లూ పూర్తిగా వెతికాను. ఆ వ్యాగన్ ఊసే వాటిలో లేదు.

కొన్నేళ్ళకు సింహాచలం గోల్‌బజార్ చేపల దుకాణంలో కనిపించి, నా భుజం మీద చెయ్యి వేసి దుకాణదారుతో అన్నాడు. "దాదా, ఈడే మా గుంటూరు బాబు. తీగ నేకుండా జవాబు తెప్పించినోడు. మంచి సేప ఇయ్యి."

తల వంచుకుని ఆ చేప తీసుకున్నాను.

సింహాచలం, నేను ఏ కాపీ పెట్టలేదు. తీగ ఊడదీసింది నేనే. ఆ జవాబు ఏ దారిన వచ్చిందో ఇవాళ్టికీ నాకు తెలియదు. అడిగింది నువ్వు. అది వచ్చింది నీకే.