కుండమార్పు అనే మాట

సోమవారం పొద్దున మధిర నుంచి అమ్మ ఫోన్ చేసింది. "మీ అత్త పోయింది" అని పెట్టేసింది. అత్త అంటే మా నాన్నకు చెల్లెలు, మా మేనమామకు భార్య.

మరునాడు చర్చిలో పాస్టర్ గారు "కుండమార్పు పెళ్లితో రెండిళ్లను కలిపిన తల్లి" అన్నారు. నేను లేచి నిలబడి, ఆ మాట వెనక్కి తీసుకోమన్నాను. ఇప్పటికీ నా కోపం చల్లారలేదు.

మా పిల్లను మీవాడికిస్తాం, మీ పిల్లను మావాడికివ్వండి అనే ఒప్పందమే కుండమార్పు. ఎర్రుపాలెం నుంచి అత్త పెనుబల్లి వెళ్లింది, పెనుబల్లి నుంచి అమ్మ ఎర్రుపాలెం వచ్చింది. ఇక్కడ నాన్న అమ్మ మీద చెయ్యి చేసుకున్నాడని తెలిస్తే, అక్కడ మామ అత్తను కొట్టేవాడు. దాన్ని న్యాయం అనుకునేవారు.

నాకు ఏడేళ్లప్పుడు నాన్న అమ్మనూ నన్నూ వెళ్లగొట్టాడు. మేం పెనుబల్లి చేరేసరికి అత్త అన్నం వారుస్తోంది. మామ మాకు మంచినీళ్లయినా ఇవ్వలేదు.

"మీ అన్న మా చెల్లెను పంపిండు. నువ్వు గూడ నడువు" అన్నాడు అత్తతో.

"పోత. ముందు పిల్ల తినాలె."

నేను తినేదాకా అత్త పక్కనే కూర్చుంది. తర్వాత బట్టలు సర్దుకుని అమ్మతో అంది: "వదినా, నేను మా అన్న ఇంటికి పోను. నువ్వు ఈడ ఉండకు. ఇద్దరం మధిర పోదాం."

వెళ్లాం. మళ్లీ వెనక్కి రాలేదు. అత్త ఒక హాస్టల్లో వంటకు కుదిరింది, అమ్మ బట్టలు కుట్టింది. పెద్దమనుషులు వచ్చి, "రెండు సంసారాలు చెడగొడుతున్నవ్" అన్నారు. "అవి బాగున్నది ఎప్పుడు?" అని అత్త బియ్యం ఏరుకుంటూనే ఉంది.

పక్కింటివాళ్లు కూర పంపితే గిన్నె కడిగి ఖాళీగానే తిరిగిచ్చేది. నాకు సిగ్గేసేది. "మళ్ల వస్తదని ఇస్తే అది పెట్టుడు గాదు" అనేది. వారం తర్వాత ఏ కారణమూ లేకుండా తనే చేపల పులుసు పంపేది.

ఆ పెళ్లిని కుండమార్పు అని ఎందుకంటారని అత్తను ఒకసారి అడిగాను.

"కుండను ఎవరన్నా అడుగుతరా బిడ్డా, ఏ ఇంటికి పోతవని?"

సమాధి దగ్గర నాన్న, మామ పిడికిళ్లలో మట్టి పట్టుకుని ముందుకొచ్చారు. అమ్మ గోతికి అడ్డంగా నిలబడింది. పక్కకు జరగలేదు. కాసేపటికి ఆ మట్టి వాళ్ల వేళ్ల సందుల్లోంచి జారి, వాళ్ల పాదాల మీదే రాలసాగింది.