మా వియ్యపురాలి మణికట్టు

మా వియ్యపురాలు పోయింది. మంగళవారం పొద్దున్న వాళ్ళ ఊరు ఆనందపురం నుంచి మా అబ్బాయి ఫోన్ చేసి, "అమ్మా, అత్తయ్యగారు..." అని ఆగిపోయాడు. స్టీలుప్లాంటు మిషన్ల మధ్య అరిచి మాట్లాడటం అలవాటైనవాడు గొంతు తగ్గించాడంటేనే నాకు సంగతి తెలిసిపోయింది. ఫోన్ పెట్టేశాక నా మనసులోకి వచ్చిన మొదటి మాట, సిగ్గుపడుతూనే చెబుతున్నాను, "వాచీ ఎక్కడుందో" అని. మనిషి పోయిందంటే వాచీ గురించి ఆలోచించే ఆడదాన్ని మీరు ఏమనుకున్నా ఫరవాలేదు గాని, మొత్తం విన్నాక అనుకోండి.

ఆ వాచీ మావారిది. పోర్టులో క్రేను నడిపేవారు. మణికట్టు ఎంత లావంటే, వాచీ తోలు బెల్టుకి కంపెనీవాడు పెట్టిన ఐదు చిల్లుల్లో ఏదీ ఆయనకి చాలలేదు. కొన్న రోజే మేకు కాల్చి బెల్టు కొసన ఆరో చిల్లు పొడిచేశారు. అదీ వంకరగా. పంతొమ్మిదివందల తొంభైల మధ్యలో ఆయన పోయారు. ఫొటోలు, పెన్షను కాగితాలు ఎవరికైనా ఉంటాయి. ఆయన చేత్తో చేసిన వస్తువంటూ మా ఇంట్లో మిగిలింది ఆ వంకర చిల్లు ఒక్కటే. ఆయన మణికట్టు వంపు కూడా ఆ తోలులోనే ఉండిపోయింది. బల్లమీద పెడితే పడుకునేది కాదు, ఎవరి చేతికో ఉన్నట్టు గుండ్రంగా కూర్చునేది.

అలాంటి వస్తువుని ఏం చేస్తాం? బీరువాలో పెట్టి తాళం వేశాను. వానాకాలం వెళ్ళేసరికి బెల్టుకి తెల్లగా బూజు పట్టింది. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో ఫిజిక్సు చెప్పినదాన్ని, తోలు మెత్తబడాలంటే నూనె కావాలని తెలియదా? కొబ్బరినూనె దట్టంగా పట్టించి డాబామీద ఎండలో పెట్టాను. మాది మల్కాపురం. పోర్టు నుంచి ఎగిరొచ్చే ఎర్రటి ఖనిజం దుమ్ము కంచాన్నీ వదలదు, మంచాన్నీ వదలదు. నూనె జిడ్డుని వదులుతుందా? సాయంత్రం వెళ్ళి చూస్తే చీమలు బారులు తీరి ఉన్నాయి. బెల్టు బిగుసుకుపోయింది. వంచబోతే కిర్రుమంది.

స్టీలు గొలుసు వేయించేద్దామన్నాడు మా అబ్బాయి. స్టీలుప్లాంటులో ఉద్యోగం వచ్చినప్పటి నుంచి వాడికి లోకంలో ప్రతి సమస్యకీ స్టీలే మందు. ఆ బెల్టు చెత్తబుట్టలో పడితే నేనూ అందులోనే పడతానని చెప్పాను.

సరిగ్గా ఆ రోజుల్లో మా వియ్యపురాలు కూతుర్ని చూడటానికి వచ్చింది. వాళ్ళది వ్యవసాయం. తోటలో పండిన వంకాయలూ బెండకాయలూ ఆనందపురం జంక్షన్లో తనే కూర్చుని అమ్మేది. నేను ఆవిడని "మీరు" అనేదాన్ని, ఆవిడ నన్ను "నువ్వు" అనేది. మొదట్లో నాకు నచ్చలేదు. నచ్చలేదని ఆవిడకి తెలిసింది, అయినా మార్చుకోలేదు. బెల్టుని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"ఇదేటి వదినా, బెల్టనుకున్నావా, ఏపుడనుకున్నావా?"

అత్తవారింట ఎడ్ల మెడపట్టీలు బాగుచేసిన చెయ్యి ఆవిడది. వారం తిరక్కుండా బస్సెక్కి మళ్ళీ వచ్చింది. చిన్న రేకు డబ్బాలో తేనెమైనం, సీసాలో ఇంటి ఆముదం తెచ్చింది. ముందు రెండు రోజులపాటు పొడిగుడ్డతో నా కొబ్బరినూనెని తుడవడమే పని. ఎండ మాట ఎత్తనివ్వలేదు. మూడోరోజు మైనాన్నీ ఆముదాన్నీ కలిపి కరిగించాలంది. మా వంటింట్లోకి తోలు రావడానికి వీల్లేదన్నాను. అయితే తోలు రాదులే అని, తను బెల్టుతో పెరటి గుమ్మం అవతల కూర్చుంది. నేను ఇవతల పొయ్యి దగ్గర మైనం కరిగించి గడప మీదుగా అందించాను. సరిహద్దు దగ్గర రెండు దేశాలవాళ్ళం సరుకు మార్చుకున్నట్టు ఉంది వ్యవహారం.

చల్లారి ముద్దయ్యాక అందులోంచి మినపగింజంత తీసి, బొటనవేలి మీద పెట్టుకుని, వేలి వేడికి మెత్తబడేదాకా ఆగింది. తర్వాత రుద్దింది. ఎంతసేపని? నేను పప్పు వండి, చారు పెట్టి, వడియాలు వేయించి వచ్చినా ఇంకా రుద్దుతూనే ఉంది. నేను సాయపడబోయి కాస్త ఎక్కువ తీస్తే నా చేతిమీద చిన్నగా కొట్టింది.

"నూనెక్కువెట్టకు వదినా. తోలు తాగినంతే ఎట్టాల. నీకు ఆత్రం ఎక్కువ, దానికి గుటక తక్కువ."

అలా ఐదు వారాలు. వారానికోసారి మినపగింజంత, మర్నాడు పొడిగుడ్డ. ఆరోవారం బెల్టు వంచితే చప్పుడు చెయ్యలేదు. నేను కళ్ళొత్తుకుని దాన్ని మళ్ళీ బీరువా వైపు తీసుకెళ్తుంటే, ఆవిడ తలుపుకి అడ్డం నిలబడింది.

"మళ్ళీ పెట్టిలోకేనా? తోలంటే ఒంటిది కదేటి. ఒంటికి తగిల్తేనే బతుకుద్ది. కట్టుకో."

కట్టుకున్నాను. ఐదు చిల్లుల్లో అన్నిటికన్నా లోపలిదాంట్లో పెట్టినా గాజులా జారి అరచేతిలోకి వచ్చేసింది. ఇంకో చిల్లు పొడుద్దామంది. ఆయన బెల్టుకి నేను చిల్లు పొడవడమేమిటి, చచ్చినా వద్దన్నాను. ఆవిడ వాదించలేదు. వాచీ నా చేతిలోంచి తీసుకుని తన ఎడమచేతికి పెట్టుకుంది. నీళ్ళు తోడి, మట్టి తవ్వి లావైన మణికట్టు. బకిలు సరిగ్గా ఆ వంకర చిల్లులోకి దిగింది. ఒక వెంట్రుకవాసి ఎక్కువా లేదు, తక్కువా లేదు.

ఒళ్ళు మండిందా అంటే మండింది. ఆరు నెలలకని ఇచ్చాను. ఆరు నెలలు పదేళ్ళయింది.

ఆ పదేళ్ళూ మా మొగుడి వాచీ ఆనందపురం జంక్షన్లో వంకాయలు తూచింది. ఆవిడకి టైము చూడటం రాదు. నేర్పుతానంటే, నీ బళ్ళోకి రావడానికి నాకు ఈడు దాటిపోయిందనేది. ఎవరైనా టైమెంతని అడిగితే చెయ్యి చాపి, "సూసుకో" అనేదట. మగవాళ్ళ వాచీ ఎవరిదని అడిగినవాళ్ళకి, "మా వియ్యంకుడుగారిది. ఆయన పోనారు గాని వాచీ తిరుగుతంది" అని చెప్పేదట. రోజూ వాచీకి కీ ఇచ్చేది. చెమట పడితే రాత్రి పొడిగుడ్డతో తుడిచి, గూట్లో నీడపట్టున పెట్టేది. వాన వస్తే వాచీని నడుముకి దోపుకుని తను తడిసేది. నెలకో ఆదివారం కూరగాయల సంచితో మా ఇంటికి వస్తే ఇద్దరం కలిసి మైనం రాసేవాళ్ళం. ఎప్పుడు మారిందో గుర్తులేదు గాని, ఆ తోలు గడప దాటి మా వంటింటి బల్లమీదికి వచ్చేసింది. నేను ఫోన్ చేసి ముందు బెల్టు ఎలా ఉందని అడిగేదాన్ని. "నానూ బాగున్నాను, నువ్వడక్కపోయినా" అనేది.

కిందటేడాది జబ్బుపడింది. చూడటానికి వెళ్తే మంచంలో ఉంది. చెయ్యి పైకెత్తితే వాచీ మోచేతిదాకా జారింది.

"ఈ సెయ్యి అయిపోనాది వదినా. ఇంక నువ్వే కట్టుకోవాల. సిల్లెట్టుకో."

మీరు మళ్ళీ ఒళ్ళు చేస్తారు లెండి, అప్పటిదాకా ఉంచుకోండి అన్నాను. అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు. ఆయన బెల్టుకి చిల్లు పెట్టడానికి నాకు చేతులు రావడం లేదని కూడా అన్నాను. ఆవిడ నవ్వబోయి దగ్గింది.

"మా వియ్యంకుడు మేకెట్టి పొడిసీసినప్పుడు నిన్నడిగినాడేటి?"

వాచీ ఆవిడ మోచేతికే వదిలి వచ్చేశాను.

కర్మ అయ్యాక మా కోడలు, వాళ్ళమ్మ నాకు పంపమన్న మూట తెచ్చి ఇచ్చింది. పాత పంచెముక్కలో వాచీ, రేకు డబ్బా, గోనెసంచులు కుట్టే దబ్బనం. చీటీ లేదు. చీటీ రాయడం రాని మనిషి అంతకన్నా స్పష్టంగా ఏం చెబుతుంది?

దబ్బనం కాల్చాను. బెల్టుని పీటమీద పెట్టి, కళ్ళజోడు సవరించుకుని, ఐదు చిల్లులకీ ఇవతల పొడిచాను. నాదీ వంకరగానే వచ్చింది. కంపెనీవాడు తిన్నగా పెట్టిన ఐదింటితో మా ముగ్గురిలో ఎవరికీ పని పడలేదు.

బకిలు దాటాక తోక బారెడు మిగిలిపోతోంది. కత్తిరించేద్దామన్నాడు మా అబ్బాయి. కత్తెర అక్కడ పెట్టి వెళ్ళమన్నాను, దాచేశాను. ఆ తోక కొసనే కదా ఆయన చిల్లు ఉంది, ఆవిడ పదేళ్ళు మోసి కోలగా చేసిన చిల్లు.

ఇప్పుడు ఇది రాస్తూ ఎడమచేత్తో కాగితం నొక్కిపట్టుకున్నాను. రాస్తున్నంతసేపూ ఆ తోక కాగితాన్ని తాకుతూనే ఉంది. చెయ్యి తీసి చూస్తే అంచున చిన్న నూనె మరక. బెల్టుకి మైనం ఇంకా ఎక్కువే రాస్తున్నానన్నమాట. అచ్చులో మీకది కనిపించదు. నేను మాత్రం కాగితాన్ని కిటికీకేసి పట్టుకున్నాను. మరక ఉన్నంతమేర, మినపగింజంత, వెలుతురు ఇవతలికి వస్తోంది.